కాంగోనదీ యాత్రా సాహిత్యము: పడవ చూపు, ఒడ్డు చూపు

నదిపై పడవ ప్రయాణమును వర్ణించు గ్రంథములు స్థూలముగా రెండు విధములు. పడవలో కూర్చున్నవాడు ఒడ్డును చూచి వ్రాసినది ఒకటి. ఒడ్డున నున్నవాడు పడవను చూచి వ్రాసినది రెండవది. నది యొక్కటియే యైనను ఈ రెండు చూపులకు గోచరించు లోకములు వేఱు. పడవలోనివానికి ఒడ్డు కదలిపోవు చిత్రపటము. ఒడ్డున నున్నవానికి పడవయే వచ్చిపోవు వస్తువు. గోదావరిపై లాంచీలోనో నాటుపడవలోనో పయనించిన తెలుగువారికి ఈ భేదము అనుభవమున నున్నదే. పాపికొండల నడుమ పోవు ప్రయాణికునకు గట్టుమీది పల్లె రెండు నిమిషముల దృశ్యము. ఆ పల్లెవానికి ఆ రేవే జీవితము.

ఆఫ్రికాఖండపు మహానదులలో నొకటియైన కాంగోపై పడవ ప్రయాణమును గూర్చి పాశ్చాత్య భాషలలో వెలువడిన సాహిత్యము విపులమైనది. అందు జోసెఫ్ కాన్రాడ్ ఆంగ్లమున రచించిన ‘హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్’ అను నవలిక మూలస్థానమున నిలిచినది. ‘అంధకార హృదయము’ అని దానిని తెనిగింపవచ్చును. తరువాత ఆ నదిపై పయనించిన రచయితలలో పెక్కుమంది ఆ నవలికను మనస్సునందుంచుకొనియే పడవ యెక్కిరి. కాన్రాడ్ రచించిన ఈ నవలికను, దానికి ముందు ఆయనయే వ్రాసికొన్న నావికా నోటుపుస్తకమును, అదే నదిపై పయనించిన ఇతరుల లేఖలను, నివేదికలను, కథలను ప్రక్కప్రక్కన నుంచి పరిశీలించుట ఈ వ్యాసమున కుద్దేశము. గీటురాయిగా రెండు ప్రశ్నలు చాలును: పడవ ఎవరిది? అది ఎక్కడ ఆగినది?

నదియు, నావలును

కాంగోనది పొడవు సుమారు 4,700 కిలోమీటర్లు. సముద్రమునకు కొనిపోవు నీటి పరిమాణమునుబట్టి చూచినచో ప్రపంచమున అమెజాన్ నదికి తరువాతి స్థానము దీనిదే. ఇది భూమధ్యరేఖను రెండుమార్లు దాటును. రేఖకు ఉత్తరమున వానలు తగ్గిన కాలమున దక్షిణమున వానలు కురియుచుండుటచే ఏడాది పొడవునను నీటికి గొప్ప కొఱత యుండదు. ఇట్టి నది ఓడల రాకపోకలకు మిక్కిలి అనువైనది కావలసియున్నను ప్రకృతి దానికొక పెద్ద అడ్డంకిని కల్పించినది. సముద్రమునుండి వచ్చు ఓడలు మటాడి రేవుతో ఆగిపోవలయును. మటాడికిని కిన్షాసాకును నడుమ మూడువందల కిలోమీటర్లకు మించిన మేర నది వరుస జలపాతములుగా దుమికి పడుచుండును. కిన్షాసా యొద్ద అది పెద్ద మడుగువలె విస్తరించును. అచటినుండి ఎగువకు కిసంగాని పట్టణము వఱకు 1,700 కిలోమీటర్లకు పైగా పడవలకు జలపాతముల అడ్డు లేదు.

ఈ భౌగోళిక స్థితి యాత్రాసాహిత్యమున కెల్ల పునాది. మటాడినుండి కిన్షాసా ప్రాంతమునకు రైలుమార్గ నిర్మాణము 1890లో మొదలై 1898లో పూర్తియైనది. అంతకుముందు ఎగువనదికి పొగపడవను చేర్చవలెనన్నచో దానిని ముక్కలుగా విడదీసి, కూలీలచే మోయించి, జలపాతములను చుట్టిపోయి, పైన మఱల కూర్పవలసియుండెను. అనగా ఆనాడు ఎగువ కాంగోపై తేలిన పొగపడవలు నీటిపై నడచుటకు ముందు మనుష్యుల తలలపైనను భుజములపైనను నడచినవే. నీటిలో దిగిన పిమ్మటనైనను అవి స్వయముగా నడచినవి కావు. వాని బాయిలరులకు ఆహారము కట్టెలు. దారిపొడవునను ఒడ్డున ఆగి అడవిలో కట్టెలు కొట్టి తెచ్చుటయు, గడలతో నీటిలోతు చూచుచు ఇసుకమేటలను తప్పించుటయు, పొయ్యిని మండించుటయు, ఇవియన్నియు ఆఫ్రికా కళాసీల పనులు. ఈ విషయమును ఏ గ్రంథము ఎంతవఱకు జ్ఞాపకముంచుకొన్నదను దానినిబట్టి ఆ గ్రంథపు చూపు తెలిసికొనవచ్చును.

పొగపడవలు రాకముందే ఈ నదిపై గొప్ప వర్తకము సాగుచుండెను. బొబాంగీ జాతివారు పెద్ద పెద్ద దోనెలపై ఏనుగు దంతములను, కఱ్ఱపెండలమును, ఎండుచేపలను, విచారింపదగిన విషయమే యైనను బానిసలను సైతము, వందల కిలోమీటర్లు చేరవేయుచుండిరి. ఈ వర్తకమును గూర్చి రాబర్ట్ హార్మ్స్ అను చరిత్రకారుడు 1981లో ప్రత్యేక గ్రంథము వెలువరించెను. 1880 తరువాత యూరోపియనులు ఎగువనదిపై స్థావరములు నెలకొల్పగా, ఈ బొబాంగీ భాషయే మూలముగా, పడవలపైనను స్థావరములయందును పనిచేయు నానాజాతులవారి నడుమ ఒక వ్యవహారభాష పుట్టి పెరిగెను. నేడు కోట్లకొలది జనులు మాటలాడు లింగాల భాష అదియే. భాషావిషయమున శ్రద్ధగల పాఠకులు ఈ యంశమును గుర్తుంచుకొనవలయును. ఏ కాలమున ఈ నదీతీరములు మూగవని పాశ్చాత్య రచయితలు చిత్రించిరో, ఆ కాలముననే ఆ నదిపై ఒక క్రొత్త భాష మాటలు నేర్చుచుండెను.

నావికుని నోటుపుస్తకము

కాన్రాడ్ 1857లో పోలిష్ కుటుంబమున, రష్యా ఏలుబడిలోనున్న ప్రాంతమున జన్మించెను. యౌవనమున నావికుడై, మొదట ఫ్రెంచి ఓడలయందును తరువాత బ్రిటిష్ ఓడలయందును పనిచేసెను. 1890లో బెల్జియను వర్తక కంపెనీ యొకటి ఆయనను కాంగోకు పంపెను. అప్పటికి ఆ దేశము ‘స్వతంత్ర రాజ్యము’ అను పేరున బెల్జియము రాజగు రెండవ లియొపోల్డునకు స్వంత ఆస్తివలె నుండెను. ఆ సంవత్సరము జూను నెలలో కాన్రాడ్ మటాడి చేరి, జూను 28న బయలుదేరి, కూలీల బారుతో కాలినడకన జలపాతముల ప్రాంతమును దాటి, ఆగష్టు 2 నాటికి కిన్షాసా సమీపమునకు వచ్చెను. వెంటనే ‘రువా దే బెల్జ్’ అను చిన్న పొగపడవపై ఎగువకు సాగి, సెప్టెంబరు 1న స్టాన్లీ జలపాతములను, అనగా నేటి కిసంగానిని, చేరెను.

ఈ ప్రయాణమున ఆయన రెండు నోటుపుస్తకములు వ్రాసెను. మొదటిది కాలినడక కాలపు దినచర్య. రెండవది పడవ యెక్కిన పిమ్మట ఆరంభించిన ‘ఎగువనది పుస్తకము’. నేడీ రెండును అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయపు గ్రంథాలయమున భద్రముగా నున్నవి. మొదటిది కాన్రాడ్ మరణానంతరము 1920 దశాబ్దముననే అచ్చుపడినది. రెండవది సంపూర్ణముగా 1978 వఱకు వెలుగు చూడలేదు. అందు సాహిత్యమనదగినది లేదని సంపాదకులు భావించుటయే ఇందులకు కారణము.

వారి భావము ఒక విధముగా సరియైనదే. రెండవ పుస్తకమున నున్నది కేవలము దారి గుర్తులు. ఏ లంకను ఏ ప్రక్కన ఉంచుకొని పోవలయును, ఎచట నీటిలో రాళ్లున్నవి, ఎచట ఇసుకమేట వేసినది, దిక్సూచి ఏ అంశమును చూపవలయును, కట్టెలు దొరకు తావు ఏది, ఏ మలుపు దాటినచో ఏ గ్రామము, ఏ మిషను స్థావరము కనబడును, ఇవియే అందలి విషయములు. నడుమ నడుమ చేతిరాత పటములు. తరువాత తానే పడవ నడపవలసివచ్చునను ఉద్దేశముతో నదిని పాఠమువలె నేర్చుకొనుచున్న నావికుని వ్రాత యది. ఆ పడవకు కప్తాను వేఱొకడు. కాన్రాడ్ అప్పటికి శిష్యుడు మాత్రమే. తిరుగు ప్రయాణమున కప్తాను జబ్బుపడగా కొలది దినములు మాత్రమే ఆయనకు పడవపై అధికారము లభించెను.

విమర్శకులు గమనింపదగిన విశేష మిచటనే యున్నది. ఈ శుష్కమైన నోటుపుస్తకమున నది నిర్జనము కాదు. ఒడ్డున గ్రామములున్నవి, వానికి పేర్లున్నవి. భయంకరమైన రహస్యము ఎందును లేదు. ఏలయనగా చుక్కాని పట్టువానికి రహస్యముతో పనిలేదు, పేరుతో పని. పేరు తెలియని రేవునందు కట్టెలు దొరకవు; గుర్తు తప్పిన మలుపున పడవ మెట్టకెక్కును. పనిచేయువాని కన్ను ఒడ్డును నమ్మవలసియున్నది గనుక దానిని శ్రద్ధతో చూచినది.

నవలికయందలి నది

తొమ్మిది సంవత్సరముల పిమ్మట, 1899లో, ఈ యనుభవమే నవలికయై ‘బ్లాక్‌వుడ్స్’ పత్రికలో మూడు భాగములుగా వెలువడి, 1902లో గ్రంథస్థమైనది. లండను సమీపమున థేమ్సునదిపై లంగరు వేసిన చిన్న ఓడలో, ప్రొద్దు క్రుంకువేళ, మార్లో అను నావికుడు మిత్రులకు కథ చెప్పును. కుర్ట్జ్ అను దంతపు ఏజెంటును తీసికొనివచ్చుటకై నదికి ఎగువకు సాగిన ప్రయాణమే ఆ కథ. ఎన్నో గొప్ప ఆశయములు పలికిన కుర్ట్జ్ ఆ అడవిలో క్రూరుడై, రోగియై, పడవపైననే మరణించును. నిజజీవితమునందును క్లెయిన్ అను ఏజెంటు కాన్రాడ్ పయనించిన పడవపై 1890 సెప్టెంబరు 21న మరణించెను. చేతివ్రాతప్రతిలో తొలుత నున్న పేరు క్లెయిన్ అనియే.

నోటుపుస్తకమును నవలికను పోల్చినచో మార్పులు స్పష్టముగా తెలియును. మొదటిది పేర్లను గూర్చినది. నోటుపుస్తకమంతయు పేర్లు, నవలికలో నదికే పేరు లేదు. కాంగో అను మాట ఆ గ్రంథమున ఒక్కచోటనైనను రాదు. రెండవది కాలమును గూర్చినది. వాస్తవమున ఎగువ ప్రయాణము నాలుగు వారములది. కథలో అది రెండు నెలలు. వాస్తవమున కిన్షాసా చేరిన వెంటనే పడవ కదలినది. కథలో మునిగిపోయిన పడవను బాగుచేయుటకు రివెట్లు రాక నెలల తరబడి వేచియుండవలసివచ్చినది. మూడవది జనమును గూర్చినది. 1890 నాటికి ఆ నదిపై కంపెనీ స్థావరములు, మిషనులు, ఇతర పొగపడవలు కలవనియు, స్టాన్లీ జలపాతముల యొద్ద చెప్పుకోదగిన స్థావరమే యుండెననియు నార్మన్ షెర్రీ అను పరిశోధకుడు 1971లో ప్రకటించిన గ్రంథమున సాక్ష్యములతో నిరూపించెను. నవలికయందో, మార్లో పడవ ఆదిమకాలపు అడవిలో ఒంటరిగా ప్రాకుచున్నది. నాలుగవది రచయిత స్థానమును గూర్చినది. వాస్తవమున నేర్చుకొనువాడైన కాన్రాడ్ కథలో కప్తానుగా మారెను.

ఈ మార్పులను దోషములుగా మాత్రమే ఎంచుట విమర్శధర్మము కాదు. పేరును తొలగించుటవలన నవలికకు లభించిన బలము తక్కువది కాదు. పేరులేని ఆ నది అన్ని సామ్రాజ్యముల నదియైనది. థేమ్సునది సైతము ఒకనాడు రోమను సైనికులకు అంధకారప్రదేశమే యని మార్లో కథారంభముననే చెప్పుట ఈ భావమునకే తోడ్పడుచున్నది. మొదటి స్థావరము యొద్ద సంకెళ్లలో నడచు మనుష్యులను, పనికి పనికిరాక చెట్లనీడన చావునకు వదలబడిన కూలీలను, కనబడని శత్రువుపై ఖండమంతటి అడవిలోనికి ఫిరంగులు పేల్చు యుద్ధనౌకను వర్ణించు ఘట్టములు లియొపోల్డు పాలనపై ఏ ప్రచారగ్రంథమును చేయజాలనంత తీవ్రమైన ఆక్షేపణము చేయుచున్నవి. పడవ కళాసీలకు వారమునకొకమారు జీతముగా ఇత్తడితీగ ముక్కలిచ్చి, వానితో తిండి కొనుక్కొనుడని చెప్పి, కొనుటకు ఎచటను పడవ నాపని కంపెనీ న్యాయమును కాన్రాడ్ చేసిన పరిహాసము మఱవరానిది. ‘పడవ ఎక్కడ ఆగినది’ అను ప్రశ్నకు నవలికయే ఇచట సమాధానమిచ్చుచున్నది. దంతముకొఱకు ఆగిన పడవ ఆకలికొఱకు ఆగలేదు.

అయినను నష్టమును చెప్పక తప్పదు. పేరు తీసివేసినపుడు నదితోపాటు నదీతీరవాసులకును పేరు పోయినది. బాయిలరును జాగ్రత్తగా కాపాడు మనుష్యుని పనితనమును మెచ్చుకొనుచునే మార్లో అతనిని నవ్వులాటగా వర్ణించును. చుక్కాని పట్టువాడు బల్లెపు పోటున మరణించిన పిమ్మటగాని, అతనితో తనకొక తోడుపని బంధము ఉండెనని మార్లో గుర్తింపడు. ఆ గుర్తింపు నవలికలో మిక్కిలి హృదయంగమమైన భాగము. కాని అది వచ్చునప్పటికి ఆ మనుష్యుడు లేడు. బ్రదికియున్నంతకాలము అతడు మాటలాడిన మాట యొక్కటైనను పాఠకునకు వినబడదు.

అదే నది, అదే సంవత్సరము

‘ఆ కాలమునకు అంతకుమించిన చూపు సాధ్యము కాదు’ అను సమాధానము తఱచుగా వినబడుచుండును. చరిత్ర దీనిని బలపఱచుటలేదు. కాన్రాడ్ స్టాన్లీ జలపాతములను చేరుటకు ఆరు వారములు ముందుగా, 1890 జూలై 18 తేదీతో, ఆ చోటినుండియే జార్జి వాషింగ్టన్ విలియమ్స్ అను నీగ్రో అమెరికను చరిత్రకారుడు లియొపోల్డు రాజునకు ఒక బహిరంగలేఖ వ్రాసెను. ఆయన 1849లో జన్మించి, యౌవనమున అమెరికా అంతర్యుద్ధమున సైనికుడై, తన జాతి చరిత్రను రెండు సంపుటములుగా రచించినవాడు. ఆయనయు కాంగోనదిపై ఎగువకు పయనించెను. ఆయనయు ఒడ్డును చూచెను. కాని ఆయన చూచిన ఒడ్డు మూగది కాదు. ఒప్పందముల పేరున గ్రామాధిపతులు ఎట్లు మోసగింపబడిరో, భూములెట్లు పోయెనో, సైనికులు గ్రామములను ఎట్లు దోచుచుండిరో అచటివారినే అడిగి తెలిసికొని, ఆరోపణములను వరుస అంకెలు వేసి రాజు ముందుంచెను. మఱుసటి సంవత్సరము, 1891లో, ఆయన ఇంగ్లండులో మరణించెను. ఆయన లేఖకు కళాసౌందర్యము లేకపోవచ్చును. కాని ఆ నదిపై ఆ వేసవిలో మనుష్యుల మాట వినుట సాధ్యమేయని నిరూపించుటకు అది చాలును.

రెండవ నిదర్శనము రోజర్ కేస్‌మెంట్. 1890లో మటాడిలో కాన్రాడునకు పరిచితుడైన ఈయన 1903లో బ్రిటిష్ కాన్సలుగా ఎగువనదిపై విచారణయాత్ర చేసెను. యాత్రకు ముందు ఆయన చేసిన మొదటిపని పడవను ఎన్నుకొనుట. రాజ్యపు పడవపై పోయినచో రాజ్యము చూపదలచినదే చూడవలసివచ్చునని గ్రహించి, అమెరికను బాప్టిస్టు మిషనువారి ‘హెన్రీ రీడ్’ అను చిన్న పొగపడవను అద్దెకు తీసికొనెను. అందువలన తలచినచోట ఆగుటకు, ఒడ్డెక్కి జనుల వాంగ్మూలములు వ్రాసికొనుటకు ఆయనకు స్వేచ్ఛ లభించెను. లుకొలెలా అను చోట తాను 1887లో చూచినపుడు సుమారు 5,000 మంది జనులుండగా 1903 నాటికి ఆ సంఖ్య 600 కంటె తక్కువకు పడిపోయినదని ఆయన నివేదించెను. 1904లో అచ్చుపడిన ఆ నివేదిక ఐరోపాలో కలిగించిన సంచలనము లియొపోల్డు స్వంత పాలన 1908లో అంతమగుటకు ముఖ్యకారణములలో నొకటియైనది. నవలిక చూపిన నిర్జనతీరమును, నివేదిక చూపిన నిర్జనతీరమును పోల్చి చూడవలయును. మొదటిదానిలో శూన్యత ప్రకృతి లక్షణము; రెండవదానిలో శూన్యత యొక నేరమునకు ఫలితము. ఒకడు ఇచట ఎవరును లేరనెను. రెండవవాడు ఇచట నున్నవారు ఏమైరని యడిగెను.

ఫ్రెంచి రచయిత ఆంద్రే జీద్ 1925-26లో కాంగో, ఉబాంగీ నదులపై పయనించి 1927లో ‘కాంగో యాత్ర’ ప్రకటించెను. గ్రంథమును కాన్రాడ్ స్మృతికి అంకితమిచ్చెను. ప్రకృతి సౌందర్యమును ఆస్వాదించుటకై బయలుదేరిన ఈ రచయిత రబ్బరు కంపెనీల దురంతములను గ్రామాధిపతి యొకడు చెప్పగా విని, ఇక చూడనట్లుండుట తనకు శక్యము కాదని గ్రహించెను. పడవలో ప్రారంభమైన గ్రంథము ఒడ్డెక్కిన పిమ్మటనే గంభీరమైనదని చెప్పవచ్చును.

ఆచెబె ఆక్షేపణము

నైజీరియా నవలాకారుడు చిన్వా ఆచెబె 1975లో మసచూసెట్స్ విశ్వవిద్యాలయమున ఇచ్చిన ఉపన్యాసమున కాన్రాడును జాతివివక్ష గలవానిగా నిర్భయముగా ఆక్షేపించెను. ఆఫ్రికా ఆ నవలికలో ఐరోపావాని మనఃక్షోభకు వెనుకతెర మాత్రమేయనియు, ఆఫ్రికనులకు మాటను ప్రసాదించిన చోట్లు మిక్కిలి స్వల్పమనియు, ఆ స్వల్పము కూడ వారిని తక్కువపఱచుటకే యనియు ఆయన వాదము. నాటినుండి వాదప్రతివాదములు జరుగుచునే యున్నవి. మార్లో మాటలు కాన్రాడ్ మాటలు కావనియు, కథలోపల కథ పెట్టిన శిల్పమే ఆ దూరమును సూచించుచున్నదనియు కాన్రాడ్ పక్షమువారు చెప్పుదురు. సామ్రాజ్యపు దోపిడిని స్పష్టముగా చూడగలిగిన కాన్రాడ్ ఆ దోపిడికి బయట ఆ జనులకు స్వతంత్రజీవనము కలదని ఊహింపజాలకపోయెనని ఎడ్వర్డ్ సయీద్ 1993లో మధ్యేమార్గముగా నిర్ణయించెను.

నోటుపుస్తకమును సాక్ష్యముగా తీసికొన్నచో ఈ వివాదమున ఒక క్రొత్త వెలుగు పడును. కాన్రాడ్ ఒడ్డును చూడలేదనుట సరికాదు; చూచెను, పేరు పేరున వ్రాసికొనెను. కావున నవలికయందలి శూన్యత అజ్ఞానమువలన కలిగినది కాదు, ఎంపికవలన కలిగినది. మార్లో వేఱు, కాన్రాడ్ వేఱు అను సమాధానము ఇచట పనిచేయదు. పేర్లను కొట్టివేసినది మార్లో కాదు, కాన్రాడ్. ఇంతవఱకు ఆచెబె పక్షము బలపడుచున్నది. కాని అదే నోటుపుస్తకము రెండవ విషయమును గూడ చెప్పుచున్నది. అదే కాన్రాడ్, చుక్కాని ముందు నిలిచినపుడు, ద్వేషముగాని మైమఱపుగాని లేని కంటితో ఆ తీరమును చూడగలిగెను. రచయితలో ఇద్దఱున్నారు, పనివాడొకడు, స్వాప్నికుడొకడు. నవలికలో పనిని గూర్చిన వాక్యములు వచ్చినచోటనెల్ల పనివాడు మేలుకొనును; అడవిని గూర్చిన వాక్యములు వచ్చినచోటనెల్ల స్వాప్నికుడు విశేషణములపై విశేషణములు పేర్చును. గ్రంథమును పూర్తిగా త్రోసివైచుటయు, పూర్తిగా శిరసావహించుటయు కాక, ఈ యిద్దఱిని వేఱుచేసి చదువుట మేలైన మార్గము.

ఒడ్డున నున్నవారు

ఒడ్డుననుండి వచ్చిన రచనలు లేకపోలేదు. బ్రజావిల్‌లో 1914లో జన్మించిన పోల్ లొమామి చిబాంబా ‘న్గాండో’ అను కథాగ్రంథమును 1948లో ఫ్రెంచి భాషలో ప్రకటించి బ్రస్సెల్సులో బహుమతి నందెను. న్గాండో యనగా మొసలి. మొసలి యొకటి బాలుని కొనిపోవుటయు, తండ్రి తోడివారితో దోనెపై నదిమీద వెదకబోవుటయు అందలి ఇతివృత్తము. ఇందును నది భయంకరమైనదే, అందును అతీతశక్తులు కలవు. కాని ఆ భయమునకు వంశములున్నవి, నమ్మకములున్నవి, వానిని ఎదుర్కొను విధులున్నవి. కాన్రాడ్ నదియందలి భయము పరదేశివాని భయము. లొమామి చిబాంబా నదియందలి భయము ఇంటివాని భయము. నదియందలి చీకటి అందఱికి నొక్కటి కాదని తెలియుటకు ఈ రెండు గ్రంథములను వెంటవెంటనే చదివిన చాలును.

ఒడ్డున నున్నంతమాత్రమున చూపు సమగ్రమగునని చెప్పుటకును వీలులేదు. ట్రినిడాడులో భారతీయ సంతతికి చెందిన వి. ఎస్. నైపాల్ 1979లో ప్రకటించిన ‘ఎ బెండ్ ఇన్ ది రివర్’ నవలలో కథానాయకుడు సలీం. తూర్పు ఆఫ్రికా తీరమున తరతరములుగా స్థిరపడిన భారతీయ ముస్లిం కుటుంబమువాడు. నదిమలుపునందలి పేరులేని పట్టణమున అంగడి పెట్టుకొని, రేవునకు వచ్చు స్టీమరును ఒడ్డునుండి చూచును. ఎగువ పల్లెలనుండి దోనెలపై వచ్చి అతని కొట్టులో సరకు కొనిపోవు జబెత్ అను వర్తకురాలు ఆ నవలలో మిక్కిలి సజీవమైన పాత్ర. ఆమెకు నది భయము తెలియును, దారి తెలియును, బేరము తెలియును. కాని సలీం ఆమె పల్లెకు పోడు. ఆ పట్టణమును తనదిగా ఎన్నడును తలపడు. తుదకు అల్లకల్లోలమున స్టీమరెక్కి చీకటిలో పారిపోవును. వెనుక కట్టిన బార్జి విడిపోయి నదిలో కొట్టుకొనిపోవును. పరదేశమున స్థిరపడి తరములు గడపిన సమాజములకు ఈ పాత్రలో ఆలోచింపవలసినది కలదు. ఒడ్డున ఇల్లు కట్టుకొన్నను మనస్సును పడవలోనే యుంచుకొన్నవాడు ప్రయాణికుడే. పొరుగువాని భాషను, పేరును, పల్లెను ఎఱిగినప్పుడు గాని ఒడ్డు ఒడ్డు కాదు.

కాంగోనదిపై సాధారణ జనుల ప్రయాణము ఈ గ్రంథములన్నింటికంటెను పెద్దది. దేశము 1960 జూను 30న స్వాతంత్ర్యము పొందిన పిమ్మట, కిన్షాసా కిసంగానిల నడుమ నడచిన పెద్ద పడవలు బార్జీలను కట్టుకొని వందలకొలది జనులతో, వర్తకులతో, మేకలతో, మూటలతో తేలు సంతలవలె సాగుచుండెను. పడవ ఆగని చోటులయందు ఒడ్డువారే దోనెలను వేగముగా తోసికొనివచ్చి, కదలుచున్న పడవకు త్రాడు తగిలించి, ఎండుచేపలను, కఱ్ఱపెండలమును అమ్మి, ఉప్పును, సబ్బును, గుడ్డలను కొనిపోవుచుండిరి. త్రాడు జారినచో దోనె తలక్రిందులగు ఆ క్షణమున వారు చూపు నేర్పును చూచినవారు ఈ తీరములను మూగవని వ్రాయజాలరు. థియెరీ మిషెల్ అను బెల్జియను దర్శకుడు 2005లో నిర్మించిన ‘కాంగో రివర్’ చలనచిత్రము ఇట్టి ప్రయాణమునే ఆధారముగా గైకొన్నది.

ఉపసంహారము

ఈ పరిశీలనమువలన తేలు విషయములు సంగ్రహముగా చెప్పవచ్చును. ‘హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్’ సామ్రాజ్యపు దురాశను చిత్రించిన గ్రంథములలో అగ్రగణ్యమైనది. ఆ స్థానము దానికి చెల్లును. కాని అది కాంగోనదిని గూర్చిన సాక్ష్యము కాదు. కాంగోనదిపై ఒక పడవనుండి కలిగిన దర్శనము. సాక్ష్యము కావలసినవారు విలియమ్స్ లేఖను, కేస్‌మెంట్ నివేదికను, కాన్రాడ్ స్వయముగా వ్రాసికొన్న దారి గుర్తులను చదువవలయును. నదిని లోపలినుండి తెలియగోరువారు లొమామి చిబాంబాను చదువవలయును. ఇన్నాళ్లు పాఠ్యప్రణాళికలలో మొదటిదానిని మాత్రమే బోధించి, తక్కినవానిని చరిత్రశాఖకో మానవశాస్త్రమునకో విడిచిపెట్టుటవలన, పేరులేని నదియే ఆఫ్రికా నదియని నమ్మిన తరములు తయారైనవి.

కాన్రాడ్ నోటుపుస్తకము సాహిత్యము కాదని సంపాదకులు ప్రక్కన పెట్టిరి. నిజమే, అందు ఉపమానములు లేవు. కాని కట్టెలు దొరకు తావును, గ్రామపు పేరును, నీటిలోతును తప్పులేకుండ వ్రాసికొనవలెనను శ్రద్ధ అందున్నది. పరదేశమును గూర్చి వ్రాయుటకు కలము పట్టువారికి ఉపమానములకు ముందు కావలసిన గుణ మదియే.